నవ్వని ఆంటీ

లండన్‌లో నా జీవితాన్ని మలుపు తిప్పిన మహాగాథ ఒకటి చెబుతాను. నిజానికి మహాగాథేమీ కాదు. ఆ లండన్ కెనడాలోది, మలుపులన్నీ తిప్పింది సిటీ బస్సు.

నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని పక్క సీట్లో ఆవిడ పలకరించింది. ఏదో ఆసుపత్రిలో కౌన్సెలర్ అట. పేరు అడగలేదు, ఆంటీ అంటే సరిపోయింది.

"అయితే నా మనసులో ఏముందో చెప్పండి ఆంటీ," అన్నాను.

"నువ్వు చెబితే తెలుస్తుంది నాన్నా."

రూమ్మేట్ల మీద, చలి మీద, పిజ్జా షాపులో నా ఉద్యోగం మీద నా దగ్గరున్న మంచి జోకులన్నీ వేశాను. పార్టీల్లో జనం పడీ పడీ నవ్విన జోకులవి. ఆవిడ ఒక్కదానికీ నవ్వలేదు. ప్రతిదాని తర్వాతా "ఊఁ, తర్వాత?" అంటుంది. ఒళ్లు మండింది. జోకులు అయిపోయాయి గానీ నా స్టాపు రాలేదు.

"క్లాసులకి వెళ్లడం మానేశాను ఆంటీ," అనేసింది నా నోరు. "పొద్దున లేవబుద్ధి కావట్లేదు."

"ఎవరికైనా చెప్పావా?"

"ఇప్పుడు మీకే. ఏం చెయ్యమంటారు?"

"నువ్వేం చేద్దామనుకుంటున్నావు?"

పెళ్లి దగ్గర్నుంచి ఇక్కడే స్థిరపడటానికి కావలసిన పీఆర్ దాకా అడక్కుండానే సలహాలిచ్చే అంకుల్స్ మధ్య బతుకుతున్నవాణ్ణి. అడిగినా ఇవ్వని మనిషి పక్కన సీటు దొరకడం నా ఖర్మ.

"ఎవరితోనైనా మాట్లాడాలేమో," అన్నాను విసుగ్గా.

"మాట్లాడు. మీ కాలేజీలోనే కౌన్సెలర్ ఉంటారు," అని దిగిపోయింది.

వెళ్లాను. ఇప్పటికీ మంగళవారాలు వెళుతున్నాను. ఆ కౌన్సెలర్ గది లైబ్రరీ కింది అంతస్తులో ఉంది. హీటర్ పనిచేయదు, కోటు వేసుకునే కూర్చోవాలి.