అత్తమ్మ తొక్కిన బ్రేకు

మా మేనత్త పోయిందని బావ ఫోన్ చేసి చెప్పాడు. పొద్దున్నే టీ తాగి, కప్పు కడిగి బోర్లించి, మంచం మీద ఒరిగిందట. అంతే. నేను బండి తాళం ఎక్కడుందని అడిగాను. ఆ సమయంలో ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో నాకే తెలియదు. కొంగుకే ఉంది, అన్నాడు బావ. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో, పెళ్లిళ్లకు వంటపాత్రలు కిరాయికిచ్చే దుకాణం మా అత్తమ్మది. మామయ్య పోయాక దుకాణంతో పాటు ఆయన పాత పికప్ బండి కూడా ఆమె చేతికి వచ్చింది. డ్రైవర్‌ను పెట్టుకోమని చుట్టాలందరూ చెప్పారు. ఆమె ఎవరి మాటా వినలేదు, తానే నేర్చుకుంది. కుచ్చిళ్లు ఎత్తి దోపి, చెప్పులు కింద విడిచి, ఉత్తకాలితో నడిపేది. చెప్పు అడ్డముంటే బ్రేకు సంగతి కాలికి తెలియదట! నా డిగ్రీ అయిపోయినప్పటి నుంచి ఆమె దగ్గరే పనిచేశాను కాబట్టి ఈ ముచ్చట్లు చెప్పే హక్కు నాకే ఉంది. బావ అలిగినా సరే.

బండి వెనక భాగం ఎప్పుడూ దుకాణం వైపే ఉండేది. పొద్దున నేను షట్టర్ ఎత్తేసరికి ఆమె సీట్లో ఉండేది. తాళం తిప్పకముందే బ్రేకు తొక్కి చూసేది. వెనక దీపాలు వెలిగి, దుకాణం లోపల పేర్చిన గంగాళాలన్నీ ఒక్కసారిగా ఎర్రబడేవి. అమ్మ బండికి దండం పెడుతోందని బావ రోజూ వేళాకోళం చేసేవాడు. ఆమె పట్టించుకునేది కాదు.

"నడుస్తదా అని అందరు అడుగుతరు బిడ్డా. ఆగుతదా అని మనం అడగాలె" అనేది నాతో.

ఒక శనివారం ఆమె అడిగితే బండి సరిగా జవాబివ్వలేదు. పెడల్ మెత్తగా లోపలికి దిగిపోయింది. గబగబా తొక్కితే పైకొస్తుంది, కాసేపు ఆగితే మళ్లీ అదే కథ. అంతకుముందే మెకానిక్ వెనక బ్రేకు పైపు మార్చి వెళ్లాడు. పైపులో గాలి చిక్కుకుందేమోనని పిలిపిస్తే, చక్రం దగ్గర నట్టు వదులు చేసి చూశాడు. ఆయిల్ సన్నగా కారింది కానీ ఒక్క బుడగా రాలేదు. గాలి లేదమ్మా, లోపల ఇంకేదో పెద్ద సామానే పోయింది, ఇంత పాత బండికి డబ్బులు ఎందుకు పెడతారు అనేసి వెళ్లిపోయాడు.

బావకు కావలసిందీ అదే. చాదర్‌ఘాట్‌లో పాత ఇనుము కొనేవాడితో అప్పటికప్పుడు మాట్లాడేశాడు. పాత్రలు మోయడానికి కిరాయి ఆటోలు బోలెడు, అమ్మ హాయిగా గల్లాపెట్టె దగ్గర కూర్చుంటుంది అన్నాడు. అత్తమ్మ ముఖం చూడాల్సింది. కూర్చుని బతకడం ఆమెకు ఏనాడూ చేతకాదు. ఒక్కో చక్రం మీద చెయ్యి పెట్టి చూస్తూ బండి చుట్టూ తిరిగింది. చివరికి, "రేపటిదాక ఆగు. పెడల్ గట్టిపడకుంటే తాళం నేనే ఇస్త" అంది.

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాం. మా దుకాణంలో ఒక ఆచారం ఉంది. అన్నం వండే పాత్రకు బండి ఆయిల్ మరక అంటకూడదు. అందుకని రిపేరు ఏదైనా ముందు పాత్రలన్నీ దించి దూరంగా పెట్టేవాళ్లం, మెకానిక్ వచ్చినరోజు కూడా అంతే. ఆ రోజూ బండి ఖాళీ చేశాం. నేను సీట్లో, అత్తమ్మ వెనక చక్రం పక్కన గోనెసంచి మీద. ఆమె చెప్పినప్పుడు తొక్కి పట్టాలి, నట్టు బిగించాక వదలాలి. నట్టుకు తగిలించిన సన్నపైపు చివర సీసాలో పెట్టింది. ఎంత తొక్కినా ఆయిల్ ఏదో మొహమాటానికి వచ్చినట్టు వచ్చింది. నా కాలు పీకేస్తోంది. ఆమె మాట తగ్గిపోయింది. అది చూసి నాకు భయమేసింది.

అంతలో బావ, మూలలో మరిచిపోయిన వంట గంజు ఒకటి తీయడానికని బండెక్కాడు. బావ మంచి బరువైన మనిషి. బండి కిందికి కుంగింది. వెనక నుంచి అత్తమ్మ కేక.

"అరే, దిగకు! గాడనే ఉండు!"

సీసాలో బుడబుడమని బుడగలు! ఆమె బావను దిగమంది, ఆగిపోయాయి. ఎక్కమంది, మళ్లీ వచ్చాయి. పాపం, ఎందుకో తెలియకుండా ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు బావ. అత్తమ్మ బండి కిందికి తల దూర్చి చూసింది. వెనక ఇరుసుకు కట్టిన చిన్న కడ్డీ ఒకటి, బండి కుంగినప్పుడల్లా కదులుతోంది. బరువును బట్టి వెనక బ్రేకులకు ఆయిల్ వదిలేది అదే. ఖాళీ బండికి దారి బిగపట్టేస్తుంది. మా శుభ్రమే మా కొంప ముంచిందన్నమాట! గాలి లోపలే ఉంది, మేమే బయటికి రానివ్వలేదు.

"బరువు మోసే బండిని ఖాళీ చేసి అడిగితె ఏం చెప్తది?" అని లేచి నిలబడి నవ్వడం మొదలుపెట్టింది. అంత నవ్వు ఆమె ముఖంలో నేనెప్పుడూ చూడలేదు.

ఆచారం ఆమే తీసేసింది. గంగాళాలు, గంజులు అన్నీ మళ్లీ ఎక్కించి ఆయిల్ మరక పడకుండా పైన తాడిపత్రి గుడ్డ కప్పాం. బ్రేకు డబ్బాలో ఆయిల్ తగ్గకుండా పోసే పని బావకు అప్పగించింది. బుడగలు ఆగేదాకా తీశాం. చివరగా నేను తొక్కితే పెడల్ నా కాలిని ఎదిరించింది. నేను సీట్లోంచే అరిచేశాను.

పరీక్షకని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ముందు గల్లీలో మెల్లగా నడిపి చూసి, తర్వాత అబిడ్స్ వైపు పోనిచ్చింది. మీరు అక్కడ ఆదివారం పాత పుస్తకాలు కొనేవాళ్లయితే, ఆ రోజు మా బండికి అడ్డొచ్చిన మనిషి మీరే కావచ్చు. తెరిచిన పుస్తకంలోంచి తలెత్తకుండా ఫుట్‌పాత్ మీంచి వెనక్కి నడుచుకుంటూ రోడ్డు మీదికి వచ్చేశాడొకాయన. అత్తమ్మ తొక్కింది. వెనక గంజులన్నీ దబదబా మోగాయి, బండి నిలిచిపోయింది. ఆయన పేజీ తిప్పి మళ్లీ ఫుట్‌పాత్ ఎక్కాడు. ఆయనకు ఏం తెలియలేదు. మేమిద్దరం మాత్రం నాంపల్లి దాకా నవ్వుతూనే వచ్చాం. ఇనుము వాడికి బావే ఫోన్ చేసి వద్దన్నాడు.

దినాలు అయిపోయాయి. అత్తమ్మ ఒప్పుకున్న పెళ్లి ఒకటి మిగిలి ఉంది. దానికి నిన్న పొద్దున పాత్రలు పంపాల్సి ఉండింది. కిరాయి ఆటో పిలుస్తాడేమో అనుకుంటూ వెళ్లాను. బావ బండి దగ్గరే ఉన్నాడు, తాళం చేతిలో ఉంది. ఎక్కి కూర్చున్నాడు. తలుపు కింద చూస్తే అతని చెప్పులు.

షట్టర్ ఎత్తి నిలబడ్డాను. ఇంజన్ చప్పుడు ఇంకా రాలేదు. గంగాళాలన్నీ ఎర్రబడ్డాయి.