నానక్‌రామ్‌గూడ మేడమీద మా చెల్లెలి ఢోలక్

మూడేళ్లుగా చర్చి గడప తొక్కని మా చెల్లెలు కరుణ, పోయిన గురువారం ఫోన్ చేసి, "అన్నా, ఆదివారం నాతోటి చర్చికి వస్తవా? మా ఆఫీసుల ఒకామె పిలిచింది. ఒక్కదాన్నే పోవాలంటే ఎట్లనో ఉంది" అని అడిగింది. ఆ మాట విన్నాక నా కాళ్లు నేలమీద నిలవలేదు. నేను నల్గొండలో లెక్కల మాస్టారిని, మా చర్చికి కార్యదర్శిని కూడా. మా చర్చి పిల్లలు ఒకరి తర్వాత ఒకరు హైదరాబాద్‌లో ఉద్యోగాలకు వెళ్లి ప్రార్థన మానేస్తే, అందరికీ ఫోన్లు చేసి బతిమాలేవాణ్ణి. సొంత చెల్లెలిని మాత్రం రప్పించలేకపోయాను. ఎప్పుడడిగినా "షిఫ్టులన్నా" అనేది, నేనూ నమ్మేవాణ్ణి. ఎలాగైనా ఈసారి ఆమె మనసు నిలబడాలని ఆశపడుతూ బయలుదేరాను. హైటెక్ సిటీ వైపు ఉండే తమ్ముణ్ణో చెల్లెల్నో ఇలా వెంటబెట్టుకుని వెళ్లాలనుకునేవాళ్ల కోసం ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఆదివారం ఉదయం ఐదున్నరకు నల్గొండలో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. టికెట్ రెండు వందల లోపే. ఎనిమిదికల్లా ఎల్బీనగర్‌లో దిగి, రెండు ఇడ్లీలు తిని, మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, రాయదుర్గం చేరేసరికి తొమ్మిదిన్నర. సెలవు రోజు కాబట్టి కూర్చోవడానికి చోటు దొరికింది, మామూలు రోజుల్లో ఆ ఆశ పెట్టుకోకండి. రాయదుర్గం ఆఖరి స్టేషన్. దాటిపోతామేమోనని నాలాగా పావుగంట ముందునుంచే తలుపు దగ్గర నిలబడనక్కర్లేదు.

స్టేషన్ కింద కరుణ ఎదురుచూస్తోంది. గచ్చిబౌలి మీదుగా వెళ్లే షేర్ ఆటోలో మనిషికి ముప్పై చొప్పున మాట్లాడుకున్నాం. ప్లే స్కూల్ పైనున్న చర్చి అనగానే డ్రైవర్ వెనక్కి తిరిగి నవ్వాడు. "గా పిల్లల చర్చా? మా ఇంటామె శనివారం శనివారం గాడికే పోతది సార్. కంప్యూటర్ నేర్పుతున్నరు. మేం ఎల్లమ్మను మొక్కెటోళ్లం, అయినా ఎవ్వరు ఏమనలే."

"నేర్పే పని నాకిచ్చినా బాగుండు" అంది కరుణ.

"నీకు ఆఫీసు పనే తీరదు, ఇంకా ఇదొకటా!" అన్నాను నేను. ఆమె అద్దాల భవనాల వైపు చూస్తూ కూర్చుంది. నేను డ్రైవర్‌తో కబుర్లలో పడిపోయాను.

నానక్‌రామ్‌గూడ సందుల్లో, ఓ టిఫిన్ సెంటర్ పక్కన ఉంది ఆ ప్లే స్కూల్. ఆదివారాల్లో పై అంతస్తు హాలు వీళ్లు కిరాయికి తీసుకుంటారట. గోడల నిండా ఏనుగులు, చిలకలు, నేలమీద జంపఖానాలు. మెట్ల దగ్గర రూతు అనే అమ్మాయి మమ్మల్ని పలకరించింది. ఇరవై నాలుగేళ్లుంటాయి, కరుణ ఆఫీసున్న టవర్‌లో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్. కరుణను పిలిచింది ఈ అమ్మాయే, ఆ రోజు ఆరాధన నడిపించేదీ తనే! ఏ ఊరు, ఏం ఉద్యోగం అని అడుగుతుందనుకున్నాను. "మీకేం వచ్చు?" అని అడిగింది. నేను తడబడి "లెక్కలు" అన్నాను. "మంచిగైంది అన్నా, భోజనానికి ఎంతమందిమో లెక్కవెట్టి వంటోళ్లకు చెప్పు" అని నాకు పని అప్పజెప్పేసింది. కరుణ మెల్లగా "ఒకప్పుడు ఢోలక్ వాయించేదాన్ని" అంది. నేను హుషారుగా తలలు లెక్కపెట్టాను. అరవై నాలుగు!

పదిన్నరకు పాటలు మొదలయ్యాయి. టీమ్ లీడర్లు, సెక్యూరిటీ గార్డులు, నర్సులు అందరూ ఒకే జంపఖానా మీద చప్పట్లు కొడుతుంటే నేను ఉత్సాహం పట్టలేకపోయాను. ప్రార్థన అంశాలు చెప్పమని రూతు అడగ్గానే, మా చర్చిలో ప్రతివారం చేసే అలవాటు చొప్పున నేను లేచి నిలబడ్డాను. "ఈమె మా చెల్లెలు కరుణ. ఇరవై తొమ్మిదేళ్లు నిండినయి. మంచి సంబంధం కుదరాలని అందరూ ప్రార్థన చేయండి" అన్నాను గట్టిగా. ఒక్కరు కూడా ఆమేన్ అనలేదు. కరుణ లేచి, చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయింది.

"అన్నా, అక్కకు ఏం కావాల్నో అక్కనే అడుగుదం. మరి నీకోసం ఏం ప్రార్థన చేయాలె?" అంది రూతు నెమ్మదిగా. తల దించుకుని మెట్ల మీదికి వచ్చాను.

కరుణ మెట్ల మధ్యలో కూర్చుని ఉంది. "మూడేళ్ల కింద మన చర్చిల గూడ గిట్లనే చెప్పినవ్ అన్నా. ఆ రోజు బయటికొచ్చేలోపల ఆరుగురు సంబంధాలు చెప్పిన్రు. నేనేం చేస్తున్న, ఎట్లున్న అని ఒక్కరడగలే. ఇగ రావాలనిపించలే." షిఫ్టులు కావు, నేనే కారణం. సిగ్గుతో చచ్చిపోయాను. "తప్పయింది చెల్లె" అన్నాను. ఆమె గోడవైపు జరిగి కూర్చుంది. ఇక ఈ జన్మలో నాతో చర్చికి రాదనుకున్నాను.

అంతలో రూతు ఢోలక్ పట్టుకుని దిగింది. "అక్కా, వాయించే అన్నకు డ్యూటీ పడ్డది. ఆఖరి పాటకు తాళం లేదు. ఇంటికి పోతనంటే పో, ఎవ్వరం ఏమనుకోం. ఉంటే మాత్రం ఇది నీదే." ఢోలక్ ఆమె పక్కన పెట్టేసి వెళ్లిపోయింది. కరుణ కాసేపు దానివైపు చూసింది. తర్వాత ఒడిలోకి తీసుకుని తాళ్లు బిగించింది, వేలితో కొట్టి చూసింది, మళ్లీ బిగించింది. నావైపు చూడకుండానే పైకి వెళ్లింది.

ఏం వాయించిందండీ! పాట ఆఖరి చరణం నాలుగుసార్లు పాడారు. నేను వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొడుతూ ఏడ్చాను, దాచుకోలేదు. పక్కనే పాస్టర్‌గారు ఉన్నారు. "కొత్తోళ్లను నిలబెట్టి చాక్లెట్ ఇస్తుంటిమి సార్. రెండో వారం ఎవ్వరు రాకపోతుండె. ఇప్పుడు వచ్చిన రోజే పని ఇస్తం" అన్నారు. ఒంటిగంటకు బగారన్నం, కోడికూర వడ్డించింది ఆయనే. గిన్నెలు తోమినవాళ్లలో ఓ సాఫ్ట్‌వేర్ మేనేజర్ ఉన్నాడని తర్వాత తెలిసింది.

మూడింటికి కరుణ నన్ను మెట్రో దాకా దింపింది. మళ్లీ వస్తావా అని అడగబోయి నాలుక కరుచుకున్నాను. "నీకోసం దేనిగురించి ప్రార్థన చేయాలె చెల్లె?" అని మాత్రం అడిగాను. "రెండు నెలల నుంచి బెంచి మీద ఉన్న అన్నా. జీతం వస్తది, పని లేదు. ఏ రోజు పొమ్మంటరో తెల్వదు. ఎవ్వరికి చెప్పలే." మెట్రో మెట్ల దగ్గర ఆగి మళ్లీ అంది. "శనివారం కంప్యూటర్ క్లాసు చెప్పనీకి రమ్మన్నది రూతు. పోత."

తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చుని అదే ఆలోచించాను. పిల్లలు చర్చికి రావట్లేదని ఇన్నేళ్లు గొంతు చించుకున్నాను కానీ, వచ్చిన రోజుల్లో వాళ్లను నేను అడిగిందేమీ లేదు. మీరు వెళ్తే రాయదుర్గానికి తొమ్మిదిన్నరలోపు చేరేలా చూసుకోండి. అప్పుడు ఆటో ఎక్కేలోపు కాస్త తీరిక దొరుకుతుంది. వెంట వచ్చినవాళ్లను దేనికోసం ప్రార్థన చేయమంటారో అక్కడే అడగండి, పదిమందిలో చెప్పవచ్చో లేదో కూడా అడగండి. కరుణ సరేనన్నాకే నేనూ ఇదంతా రాశాను. రాత్రి భోజనమయ్యాక మా చర్చివాళ్ల ప్రార్థన అంశాలు రాసుకునే పుస్తకం తీశాను. కరుణ పేరు ఎదురుగా మూడేళ్ల కింద నా చేత్తో రాసిన 'వివాహం' అన్న మాట కొట్టేశాను. పక్కన 'ఉద్యోగం' అని రాయబోయి, పెన్ను పక్కనపెట్టి ముందు ఆమెకు ఫోన్ చేశాను.