ముఖం కనబడని వేలంలో యాదగిరి క్లారినెట్

2006 డిసెంబరు. మేడ్చల్ బస్ డిపో దాటాక ఒక మందుల షాపు, దాని పైన ఒకే ఒక్క గది, గదిలో ఆరు కంప్యూటర్లు, వాటి మధ్య ప్లైవుడ్ అడ్డాలు. అదే నా ఇంటర్నెట్ సెంటర్. మాది తెనాలి. మావారికి ఇక్కడి మందుల కంపెనీలో ఉద్యోగం వస్తే కొత్త కాలనీలో ఇల్లు తీసుకున్నాం. ఇంట్లో చేతులు ముడుచుకుని కూర్చోవడం నా వల్ల కాదు కాబట్టి సెంటర్ పెట్టాను. నన్ను చూసి రెండేళ్లకు మా మరిది రవి తూంకుంటలో ఇంకొకటి పెట్టాడు.

మా పనిలో నాకు ఒక్కటే నియమం. క్యాబిన్‌లో చూసింది క్యాబిన్‌లోనే వదిలేయాలి. మొదట్లో ఒకసారి ఒక కుర్రాడు పరీక్ష తప్పిన సంగతి నా నోటి నుంచే బయటికి పోయింది. వాళ్ల నాన్న వచ్చి నా షాపు ముందు పెట్టిన పేచీ నేను జన్మలో మరిచిపోను. రవి సెంటర్ తెరిచిన రోజే ఈ నియమం వాడి చెవిలో ఇల్లు కట్టుకుని మరీ పోరాను. దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నందుకు నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ డిసెంబరులో ఒక మధ్యాహ్నం యాభై దాటిన మనిషి మెట్లెక్కి వచ్చాడు. చంకలో గుడ్డ మూట. చెప్పులు బయటే విప్పి, నా బల్ల ముందు నిలబడ్డాడు.

"మేడమ్, గీ కంప్యూటర్ల పాత సామాన్లు అమ్ముతరంట గదా?"

"అమ్ముతారు. మీకేం కావాలి?"

మూట విప్పాడు. నల్లటి చెక్క క్లారినెట్. పై భాగంలో నిలువునా పగులు, దాని మీద మైనం రాసి చుట్టిన దారం.

అతని పేరు యాదగిరి. షామీర్‌పేట దగ్గర పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. "ఇరవై ఏడేండ్ల సంది గిదే. మొన్న ఎండకాలం ఎండలకు కట్టె పగిలింది. పై సురాలు వాయిస్తే గాలి పోతాంది" అన్నాడు.

కొత్తది కొనుక్కోవచ్చు కదా అన్నాను. నాకేం తెలుసు. సికింద్రాబాదు షాపుల్లో దొరికేవి వేళ్ల కింద రింగులుండే కొత్త రకమట. అతనిది రింగుల్లేని పాత రకం. రెండింటికీ వేళ్లు పెట్టే తీరే వేరట. "యాభై రెండేండ్లకు ఇగ నా వేళ్లకు కొత్తగ ఏం నేర్పియ్యాలె?"

నెలన్నరలో మాఘమాసం పెళ్లిళ్లు. ఆలోగా ఇంకో పాత రకం దొరక్కపోతే బ్యాండులో అతని చోటు పోతుంది. "మావోళ్లకు ఎర్క లేదు మేడమ్. ఎర్కయితే ఇంకో మనిషిని చూసుకుంటరు. ఆళ్ల తప్పేం లేదు, ఆళ్లు గూడ బత్కాలె గదా. తూంకుంటల అడిగితే మావోళ్ల చెవుల పడ్తదని గింత దూరమొచ్చిన."

వేలం సైట్లో వెతికాను. దేశం మొత్తానికి ఒకే ఒక్కటి దొరికింది. అమ్మేది కలకత్తాలో ఎవరో. ఫోటో తెరుచుకోవడానికి నిమిషం పట్టింది. పగులుకు ఇత్తడి పట్టీ వేసి ఉంది. కింద ఆంగ్లంలో "యాజ్ ఈజ్" అని రాసి ఉంది. అంటే ఉన్నది ఉన్నట్టు అమ్ముతారు, నచ్చకపోతే వాపసు తీసుకోరు. ఆ సంగతి రెండుసార్లు చెప్పాను. యాదగిరి వినలేదు. తెర మీద వేలు పెట్టి, క్లారినెట్ మీద వేళ్లతో నొక్కే కీలు లెక్కపెడుతున్నాడు. లెక్క సరిపోయింది కాబోలు, ముఖం వెలిగింది.

వేలానికి ఇంకా వారం గడువుంది. అప్పటికే ఇద్దరు పాడి ఉన్నారు. పాడినవాళ్ల పేర్లు సైటు చూపించదు, చుక్కల గుర్తులు పెడుతుంది. ఎంతకు పాడారో మాత్రం కనిపిస్తుంది. మూడు వేలు పెడదామా అన్నాను.

"మూడువేల నూటపదార్లు పెట్టున్రి."

"ఆ నూటపదహారు ఎందుకండీ?"

"ఇది యాపారపోడు కాదు, మంచిగ అడుగుతున్న మనిషి అని అవతలోనికి సమజ్ కావాలె."

నాకు నవ్వొచ్చినా అలాగే కొట్టాను. ఆ దెబ్బకు ఇద్దరిలో ఒకాయన రెండు వేల ఎనిమిది వందల దగ్గరే ఆగిపోయాడు, మళ్లీ కనిపించలేదు. రెండోవాడు మాత్రం ఆగలేదు. మేము మీట నొక్కిన క్షణంలోనే "మీ కన్నా ఎక్కువ పాడారు" అని ఎర్రక్షరాలు వచ్చాయి.

యాదగిరి కంగారుపడ్డాడు. "గింత జల్దీ ఎట్ల పాడిండు? ఆడు గీడనే ఉన్నడా ఏంది?" అంటూ లేచి పక్క క్యాబిన్‌లోకి తొంగి చూశాడు. అక్కడ ఒక అమ్మాయి హాల్ టికెట్ తీసుకుంటోంది. పాపం, ఆ పిల్ల జడుసుకుంది. నేను కూర్చోబెట్టి ప్రాక్సీ బిడ్ అంటే ఏమిటో చెప్పాను. మనం ఎంతవరకు ఇవ్వగలమో సైటుకు ముందే చెప్పి ఉంచితే, ఎవరైనా పాడినప్పుడల్లా మన తరఫున అదే ఒక మెట్టు పైకి పాడుతుంది. మనిషి అక్కడ కూర్చుని ఉండనక్కర్లేదు.

"మనిషి లేకుంట పాట ఏంది మేడమ్?" అన్నాడు.

రోజు విడిచి రోజు మోపెడ్ మీద వచ్చేవాడు. నాలుగువేల నూటపదహారు పెట్టాం. అవతలివాడు దాటాడు. ఐదువేల నూటపదహారు పెట్టాం. మళ్లీ దాటాడు. నాకు అనుమానం మొదలైంది. అమ్మేవాళ్లే దొంగ పేరుతో పాడి ధర పెంచడం ఈ సైట్లలో ఉంటుంది, దాన్ని షిల్ బిడ్డింగ్ అంటారు. ఇది అదేనని నేను తేల్చేశాను. పగిలిన క్లారినెట్ కోసం ఇంతలా ఎగబడేది ఎవరు? వదిలేయండి, మళ్లీ తక్కువకే పెడతారు అని అన్నీ తెలిసినదానిలా సలహా ఇచ్చాను.

అతను తల అడ్డంగా ఊపాడు. వాళ్ల ఊళ్లో పాట జరిగితే, నిజంగా అవసరమున్నవాడు లేచి నిలబడితే చాలట, మిగిలినవాళ్లు ముఖం చూసి కూర్చుంటారట. "నా మొఖం చూస్తే ఆడు ఆగుతడు. ఒక్క ముక్క రాసి పంపరాదు మేడమ్, బ్యాండు వాయించేటోన్నని."

పాడేవాళ్లు ఒకరికొకరు ఉత్తరం రాసుకోవడం కుదరదని చెప్పాను. అయితే నా ఫోటో పెట్టమన్నాడు. అదీ కుదరదన్నాను. ఇదెక్కడి అంగడో అన్నట్టు ఆ తెర వంకే చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. నిజం చెప్పాలంటే నాకూ ఏమీ అర్థం కావడం లేదు. అర్థమైనట్టు నటించడం మా పనిలో సగం.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి వేలం ముగుస్తుంది. ఆ రోజు రవి మా ఇంటికి భోజనానికి రావాలి. కస్టమర్ పనుంది రాలేను వదినా అని ఫోన్ చేశాడు. నాకూ పనుందిరా అన్నాను. ఏం పనో వాడు చెప్పలేదు, నేను అడగలేదు. నియమం నియమమే.

ఆఖరి నిమిషం దాకా ఊరుకుని, అవతలివాడు తేరుకునే లోపల పాడటాన్ని స్నైపింగ్ అంటారు. ఆ కిటుకు నాకు బాగా వచ్చు. యాదగిరి ఏడువేల నూటపదహారు దాకా పోదామన్నాడు. ఎక్కడివి అని అడిగితే, ఉన్నయి అన్నాడు. మూడు నిమిషాలు ఉందనగా, మేము పాడకుండానే, అవతలివాడు తన ధర తానే ఒక్కసారి పెంచేశాడు. అవతల కూడా ఈ కిటుకు తెలిసినవాళ్లే ఎవరో కూర్చున్నారని అప్పుడు అర్థమైంది. ఇరవై సెకన్లు ఉండగా మీట నొక్కాను. ఆరువేల ఆరువందల దగ్గర పాట ఆగింది. పచ్చక్షరాలు వచ్చాయి.

"అయిపోయింది. మీదే" అన్నాను.

"మూడోసారి అని ఎవ్వరు అనకపాయె గదా?" అని మళ్లీ తెర వైపు చూశాడు. ఎవరో ఒకరు అనాలి కదా అని నేనే అన్నాను, మూడోసారి అని. అప్పుడు నమ్మాడు.

బ్యాంకులో డీడీ తీసి కలకత్తాకు పంపాం. వారం పోయింది. పది రోజులు పోయాయి. అమ్మినవాళ్లకు మెయిల్ ఇస్తే ఉలుకూ పలుకూ లేదు. పెట్టెలో వస్తువుకు బదులు ఇటుక వచ్చినవాళ్ల కథలు నేను చాలా విన్నాను. అవేవీ యాదగిరికి చెప్పలేదు. అతను వచ్చి బెంచీ మీద కూర్చునేవాడు. ఒకరోజు మోపెడ్ ఏదని అడిగాను.

"అమ్మిన."

కలకత్తా వాళ్లను తిట్టాను, ఆ సైటును తిట్టాను, దారి చూపించిన నన్ను ఇంకా ఎక్కువ తిట్టుకున్నాను.

పద్దెనిమిదో రోజు నా సెంటర్ అడ్రసుకే పార్సిల్ వచ్చింది. బ్యాండువాళ్ల కంట పడకుండా ఇక్కడికే తెప్పించమన్నాడు. యాదగిరి ముక్కలు బిగించి, నోట్లో పెట్టుకునే రీడ్ పుల్ల తడుపుకుని ఊదాడు. పై స్వరం గాలి పోకుండా నిలబడింది. ఆరు క్యాబిన్లలోంచి ఆరు తలలు బయటికొచ్చాయి. ఊదడం ఆపి, ఇత్తడి పట్టీ మీద బొటనవేలితో రుద్దుతూ, నా వైపు చూడకుండా కళ్లు తుడుచుకున్నాడు.

ఇక్కడితో అయిపోతే ఇది చెప్పుకునేంత కేసు కాదు. నాలుగు రోజుల తర్వాత మళ్లీ వచ్చాడు. ముఖంలో రక్తం లేదు.

"మేడమ్, నాకేం సమజ్ అయితలేదు. మీరన్న జెర చెప్పున్రి."

వాళ్ల బ్యాండులో డ్రమ్ము వాయించే సత్తయ్య, ఇతనూ పాతికేళ్లుగా పక్కపక్కన నిలబడి వాయిస్తున్నారు. ముందు రోజు సాయంత్రం సత్తయ్య ఇంటికి వచ్చి తల దించుకుని చెప్పాడట. "అన్నా, నీ క్లార్నెట్ పోయిన సంగతి మాకు ఎండకాలం సందే ఎర్క. పక్కన నిలబడేటోనికి తెల్వదా? అందరం కలిసి నీకో పాత రకం తెప్పిద్దామనుకున్నం. తూంకుంట నెట్టుల వారం రోజులు పాట పాడినం. గని ఎవడో బద్మాష్ గాడు నూటపదార్లు, నూటపదార్లు అనుకుంట ఎత్తుకపోయిండు. ఎవడో మనదిక్కోడే. కీసర బ్యాండోళ్లే అయ్యుంటరు. ఆళ్లకు పోనియ్యొద్దని ఆరువేల ఐదువందల దాక పోయినం."

మంచి మనిషినని అవతలివాడికి తెలియాలని ఇతను పెట్టిన నూటపదహారే వాళ్లకు పక్క బ్యాండు జెండాలా కనబడింది. ఎంత మర్యాదగా పాడితే వాళ్లకు అంత పౌరుషం వచ్చింది.

"ఆ మాట అంటున్నప్పుడు క్లార్నెట్ నా మంచం కిందనే ఉన్నది" అన్నాడు యాదగిరి. "తీసి చూపియ్యాల్నా, దాచాల్నా? చూపిస్తే నమ్మక దాసినోన్ని అయిత. దాస్తే దొంగనైత."

పెళ్లిలో ఎలాగూ బయటికి తీయాలి కదా అన్నాను. అది సలహా కాదు, తప్పించుకోవడం.

అతను వెళ్లగానే రవికి ఫోన్ చేశాను. "ఆ క్లారినెట్ పాట పాడించింది నువ్వేనా?" "ఆఖర్లో మమ్మల్ని కొట్టింది నువ్వా వదినా?" అని ఎదురడిగాడు. ఆ కిటుకు వాడికి నేర్పింది నేనే. ఆ వారంలో రెండుసార్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని అన్నం తిన్నాం, వాడికి పప్పు నేనే వడ్డించాను. ఇద్దరం నియమం తప్పలేదు. దాని ఖరీదు యాదగిరి మోపెడ్. అంతవరకు నా గర్వానికి కారణమైన ఆ నియమం తలుచుకుంటే నాకు సిగ్గేసింది.

మాఘంలో మొదటి పెళ్లి అయ్యాక యాదగిరి వచ్చాడు. మెట్ల కింద స్కూటర్ ఆగిన చప్పుడు విని కిటికీలోంచి చూశాను. స్కూటర్ మీద ఉన్నది సత్తయ్య.

"మూట విప్పంగనే సత్తయ్య పట్టీ చూసిండు" అని చెప్పాడు యాదగిరి. "వారం రోజులు ఫోటో చూసినోడు గదా. నూటపదార్లోనివి నువ్వేనా అన్నడు. అవునన్న. ఇగ బరాత్ ఐపోయేదాక నాతోని మాట్లాడలే. డ్రమ్ము మాత్రం మస్తు కొట్టిండు. పొద్దుగాల బండి ఏసుకొని ఇంటికొచ్చిండు, మోపెడ్ లేదు గదా ఎక్కు అన్నడు. గప్పట్నుంచి ఆని బండి మీదనే తిరుగుతున్న."

ఈ కేసు తర్వాత నేను పని చేసే తీరు కొద్దిగా మారింది. క్యాబిన్ సంగతి బయటికి చెప్పను, అది ఇప్పటికీ అంతే. కానీ వేలం పాడటానికి ఎవరొచ్చినా మొదట ఒక్క మాట అడిగేదాన్ని. మీరు దీనికి పాడుతున్నట్టు మీవాళ్లకు తెలుసా అని. సెంటర్ మూసేసిన రోజు దాకా అడుగుతూనే ఉన్నాను. చాలామంది నీకెందుకన్నట్టు చూసేవారు. ఒకరిద్దరు లేచి బయటికి వెళ్లి ఫోన్ చేసుకుని వచ్చారు.

అది సరైన ప్రశ్నేనా అన్నది మాత్రం నాకు ఈనాటికీ తేలలేదు. సత్తయ్య స్కూటర్ మీద దింపిన ఆ రోజు యాదగిరితో బాధగా అన్నాను, ముఖాలు కనబడి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు, ఆ పాట మొదటి రోజే ఆగిపోయేది అని.

అతను మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ అన్నాడు.

"మొఖాలు కనవడితే నన్ను చూసి సత్తయ్య కూసుంటుండె, సత్తయ్యను చూసి నేను కూసుంటుంటి. ఇద్దరం కూసుంటే, గా రెండువేల ఎనిమిది వందలోడు పట్కపోతుండె మేడమ్."