ఏ ఊరి నీళ్లు?

మొన్న మా మేనకోడలు అనంతపురం నుంచి ఫోన్ చేసింది. ఒకప్పుడు నేను పనిచేసిన జనరల్ మెడిసిన్ విభాగంలోనే తనిప్పుడు అసిస్టెంట్ ప్రొఫెసర్ కాబట్టి, ఆ విభాగం ఆశయమేమిటో, దాని బలాలేమిటో పైవాళ్లకు పంపే కాగితం కోసం నాలుగు ముక్కలు రాసిపెట్టమంది. రిటైరై కాళ్లు చాపుకు కూర్చున్నదాన్ని, సరేనన్నాను. తీరా కలం పట్టుకున్నాక ఆశయం అన్న మాట దగ్గరే ఆగిపోయాను. మీరూ నా ఈడు వాళ్లే అయితే మీకు తెలుసు, ఆ రోజుల్లో అలాంటిదొకటి ఉండాలని ఎవరూ చెప్పలేదు. మాకు ఉన్నదల్లా మా పెద్దసారు, ఆయన అడిగే ఒకే ఒక్క ప్రశ్న.

విభాగానికి అధిపతి అయిన ఆ పెద్దసారు వార్డులో ఏ మంచం దగ్గర ఆగినా, మేము జ్వరం, నాడి, గుండె చప్పుడు అన్నీ అప్పజెప్పాక, "ఏ ఊరి నీళ్లు?" అనేవారు. రోగి తాగేది బావి నీళ్లా, బోరు నీళ్లా, చెరువు నీళ్లా చెప్పలేకపోతే కేసు మళ్లీ మొదటికి వచ్చేది. వాన మొహమే ఎరగని సీమలో ఈయనకు నీళ్ల మీద ఇంత ఆరాటమేమిటని, వెనకాల నీళ్లసారు అని పేరు పెట్టి నవ్వుకునేవాళ్లం.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏడాది, ధర్మవరం పక్క పల్లె నుంచి ఒక నేతగాడు నడుము పట్టేసిందని వచ్చాడు. మా నాయన కూడా మగ్గం మీద బతికిన మనిషే. మగ్గం కింద తవ్విన గుంతలో కాళ్లు పెట్టుకుని పొద్దంతా వంగి కూర్చుంటే నడుము ఏమవుతుందో డాక్టరీ చదవకముందే నాకు తెలుసు. ఆ తెలుసుననుకోవడమే కొంప ముంచింది. రెండుసార్లు నొప్పి బిళ్లలిచ్చి, మగ్గం కాస్త తగ్గించమని చెప్పి పంపేశాను. రెండు నెలలకు మూడోసారి వచ్చినప్పుడు, భార్యా, పదేళ్ల కూతురూ చెరో రెక్క పట్టుకుని తీసుకొచ్చారు. కాళ్లు బిగుసుకుపోయి, పాదాలు ఈడుస్తున్నాడు. కాళ్లాడకపోతే మగ్గం ఆడదు, మగ్గం ఆడకపోతే పొయ్యి వెలగదు. అది నాకొకరు చెప్పాల్సిన పని లేదు.

పెద్దసారు వచ్చినప్పుడు గుంత మగ్గం వల్లేనని ధీమాగా చెప్పాను. ఏ ఊరి నీళ్లని అడిగేసరికి కేసు కాగితం తిరగేశాను, అందులో ఆ సంగతే రాయలేదు. ఆయన స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నారు.

"ఏమప్పా, ఇంట్లో యాడి నీళ్లు తాగుతారు?"

"బోరు నీళ్లే సార్. ఊరంతా అవే తాగుతాండాం. బావిని ఇడిసిపెట్టి శానా ఏండ్లాయ."

అప్పుడాయన అతన్ని వదిలి, భార్యను తలెత్తి ఫ్యాను చూడమన్నారు. "నాకేమైంది సార్, ఈయప్పను సూడండి" అంటూనే ఆమె ప్రయత్నించింది. మెడ లేవలేదు. ఎన్నడూ మగ్గం గుంతలో దిగని మనిషి ఆమె. పిల్లను నవ్వమంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చెయ్యి తీయిస్తే పళ్ల మీద గోధుమరంగు చారలు. నీళ్లలోని ఫ్లోరైడు ఒకే ఇంట్లో ముగ్గురిని పట్టుకుంటే, నేను చూసింది ఒక్క మగ్గాన్ని. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఎముకల్లో చేరిందాన్ని తీయలేమప్పా. ఈ బిడ్డకు ఇంక చేరకుండా చూసుకుందాం" అని చెప్పి, పెద్దసారు వాళ్ల ఊళ్లోని బావులూ బోర్లూ అన్నిటి నుంచీ నీళ్లు తెప్పించారు. ఆ వారం విభాగం గదిలో బల్ల నిండా సీసాలే: బడి బోరు, రచ్చకట్ట బోరు, తోట బావి అని చీటీలు అంటించుకుని. పుస్తకాలు పక్కకు జరిపి, ఏ సీసాలో ఏముందోనని ఎంత ఆత్రంగా కాచుకున్నామో! చివరికి మంచివని తేలినవి, వాళ్లు ఎప్పుడో వదిలేసిన తోట బావి నీళ్లే. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అవే తాగారు. తండ్రి మాత్రం మళ్లీ మగ్గం గుంతలో దిగలేదు.

చాలా ఏళ్లకు ఆ పిల్ల తన కూతుర్ని వెంటబెట్టుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చి, దాని నోరు తెరిపించి, కొత్తగా మొలిచిన తెల్లటి పళ్లు చూపించింది. తను మాత్రం అప్పుడూ చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వింది.

ఇదంతా రాసి పంపితే, బాగుందత్తా, కానీ ఆ కాగితంలో ఇంత రాసే చోటు లేదంది మేనకోడలు. ఇప్పుడు స్కానింగులున్నాయి, రక్తపరీక్షలు గంటలో వస్తాయి. వరండా దాటిన వరసలో ఒక్కొక్కరినీ నీళ్ల గురించి అడిగే తీరిక యాడిదని వాపోయింది. పాపం, దాన్నేమనను? ఆ నేతగాడిని పంపేసిన రెండుసార్లూ నా గది ముందు కూడా వరస పొడుగ్గానే ఉంది. నేను మిగుల్చుకున్న అయిదు నిమిషాలకు అతని కాళ్లు పోయాయి.