బొట్టు లేని బ్యాటరీకి సూదంటురాయి తీగలు

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో నేను ఐరాల దగ్గర దీపాల షెడ్డులో మెకానిక్‌గా ఉన్నాను. చుట్టుపక్కల ఊళ్ల మహిళా సంఘాలు కలిసి నడిపే షెడ్డు అది. సోలార్ లాంతర్లు, తలకు కట్టుకునే లైట్లు బాగుచేయడం మా పని. అక్కడ హోదాలు మూడే. విప్పి, తుడిచి, వరసగా పెట్టేది హెల్పరు. టంకం వేసేది మెకానిక్కు. అప్పుడప్పుడు పూతలపట్టు నుంచి వచ్చి మా పని తనిఖీ చేసేది సూపర్‌వైజరు. నేను చదివింది మూడో తరగతి. హెల్పరుగా చేరి, చేయి కుదిరాక మెకానిక్‌నయ్యాను.

అది మల్లెపూల కాలం. మొగ్గ విచ్చుకోకముందే కోయాలి కాబట్టి తెల్లవారకముందే తోటలో దిగుతారు. తలకు లైటు ఉంటేనే మొగ్గ కనబడుతుంది. చెట్టు మొదట్లో పాముంటే అదీ కనబడుతుంది. పూలు కోసే సలోమి ఒక మధ్యాహ్నం తన లైటు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. చెమట దిగి చార్జింగు రంధ్రం తుప్పుపట్టింది, లోపల చార్జింగు చేసే బోర్డు కాలిపోయింది. బల్బు, టార్చి సెల్లులా గుండ్రంగా ఉండే బ్యాటరీ మాత్రం బాగున్నాయి.

"రేపు లైటు లేకుండా వస్తే నువ్వు కోసే సాళ్లు ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు తోటాయన. ఒకసారి చెయ్యిమారితే మళ్లీ నాకు యాడిస్తాడవ్వా?" అంది.

"కొత్తది కొనుక్కోమని చెప్పేదానికైతే నేనెందుకు మే ఈడ కూర్చోనుండేది? ఆ స్టూలు లాక్కో," అన్నాను.

ఆ లైటులో ఇమిడే బోర్డు మా దగ్గర లేదు. విడి చార్జింగు బోర్డులు ఉన్నాయి. గోరంత వెడల్పుండే ఈ బోర్డుకు ఫోను చార్జరు గుచ్చితే, అది బ్యాటరీకి కావలసినంతే పంపి, నిండగానే తనే ఆపేస్తుంది. బోర్డు లేకుండా చార్జరు తీగను నేరుగా బ్యాటరీకి తగిలించడం మా షెడ్డులో నిషేధం. బ్యాటరీ ఉబ్బి నిప్పంటుకుంటుంది. కాబట్టి బ్యాటరీని లైటులోంచి తీసి, బోర్డుతో నింపి, మళ్లీ లైటులో వేసుకోవాలి. చిక్కల్లా బోర్డు తీగలను బ్యాటరీ రెండు కొసలకు పట్టించడంలో ఉంది. దాని కోసం స్ప్రింగు గూళ్లు దొరుకుతాయి గానీ, మా దగ్గర అయిపోయాయి. తిరుపతి నుంచి రావాలి. సలోమికి అంత గడువు లేదు.

బ్యాటరీ కొసలు ఇనుప రేకుతో చేసినవి. సూదంటురాయి అంటుకుంటుంది. చిరిగిన ఫోను కవర్లను నేను పారేయనిచ్చేదాన్ని కాదు. వాటి మూతల్లో బిళ్లల్లాంటి సూదంటురాళ్లు ఉంటాయి. రెండు ఊడదీసి, ఒకదానికి తీగ ఆనించి టంకం వేశాను. చక్కగా అతుక్కుంది. చల్లారాక బ్యాటరీకి పెడితే బిళ్ల జారి బల్ల మీద పడింది. ఇంకోసారి పెట్టాను. మళ్లీ పడింది. టంకం వేయని బిళ్లేమో గోరుతో ఎత్తినా రావడం లేదు.

సూపర్‌వైజరు గారికి ఫోను చేశాను. సోల్డరింగ్ ఐరన్ ఎంతసేపు ఆనించారని అడిగారు. టంకం కరిగి పరుచుకునేదాకా అన్నాను. అంత వేడికి ఆ జాతి సూదంటురాయి తన లాగే గుణం పోగొట్టుకుంటుందనీ, చల్లారినా తిరిగి రాదనీ చెప్పారు. ఈ సంగతి నాకు కొత్త. ఫోను పెట్టేశాక కూడా ఆ చచ్చిన బిళ్లను అటూ ఇటూ తిప్పి చూస్తూనే ఉన్నాను. రంగు మారలేదు, ఆకారం మారలేదు. లోపల ఏది పోయిందో కంటికి తెలియదు.

"చూసుకుంటా కూర్చుంటే బతికొస్తుందా అవ్వా?" అంది సలోమి.

"రాదు. నువ్వు గమ్మున ఆ పాలపొడి డబ్బా అందియ్యి."

డబ్బా రేకుకు టంకం బాగా పడుతుంది. రేకులోంచి తోక ఉన్న బిళ్లలు రెండు కత్తిరించాను. తోకకు తీగను టంకం వేసి, పూర్తిగా చల్లారాక, బిళ్ల వీపున సూదంటురాయిని పెట్టి టేపు చుట్టాను. రేకు బ్యాటరీని తాకుతుంది. సూదంటురాయి వెనకనుంచి రేకును బ్యాటరీకి అదిమి పట్టుకుంటుంది. కరెంటు పోయేది రేకులోంచి, పట్టు సూదంటురాయిది. దానికి వేడే తగలదు. రెండో కొసకూ అలాగే చేశాను. మీటరుతో ఏ కొస ప్లస్సో, ఏది మైనస్సో చూసి తగిలించగానే బోర్డు మీద ఎర్ర దీపం వెలిగింది.

అప్పుడు సలోమికి షెడ్డు సూత్రం చెప్పాను. బ్యాటరీకి ప్లస్ వైపు కొసన చిన్న బుడిపె ఉంటుంది. అక్షరాలు రానివాళ్లకు కూడా గుర్తుండాలని మేము దాన్ని బొట్టు అనేవాళ్లం. ఎర్ర తీగ బొట్టు వైపు, నల్ల తీగ రెండో వైపు. తారుమారైతే బోర్డు కాలిపోతుంది.

సలోమి నవ్వింది. "బొట్టుంటే ప్లస్సా? మా చర్చిలో ఎవరికీ లేదే. మేమంతా మైనస్సేనా?"

"నోరు మూసుకోని సూడు."

సలోమి బ్యాటరీని అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. "అవ్వా, దీనికీ లేదు."

నిజమే. ఆ బ్యాటరీ రెండు కొసలూ చదునుగానే ఉన్నాయి. అలాంటివీ తయారవుతాయి. మీటరు చేతిలో ఉన్నంతసేపు నాకు ఆ లోటు తెలియలేదు. సలోమి ఇంట్లో మీటరు లేదు. చార్జింగు రంధ్రంలోకైతే పిన్ను ఒక్క తీరుగానే దూరుతుంది. సూదంటురాయికి ఆ పట్టింపు లేదు, ఏ కొసకైనా అతుక్కుంటుంది. ఒక్కసారి తారుమారైతే బోర్డు పోతుంది, తెల్లారితే సాళ్లూ పోతాయి. గోళ్ల రంగుతో గుర్తు పెడదామనుకున్నాను. కోతకు వచ్చేవాళ్లం బ్యాటరీలు మార్చుకుంటూ ఉంటామనీ, ఎవరిది ఎవరి లైటులో ఉంటుందో తెలియదనీ సలోమి చెప్పింది.

ఆ మాట అంటూనే బ్యాటరీని వేళ్లతో నిమురుతోంది. మొగ్గ ముదిరిందో లేదో వేలితో చెప్పగలిగే మనిషి.

"ఈ పక్క మెడ మాదిరిగా నొక్కుండాదే. ఆ పక్క లేదు," అంది.

నేనూ నిమిరాను. పై తొడుగు కింద, ఒక కొసకు దగ్గరగా చుట్టూ సన్నని గాడి తగిలింది. మీటరు పెడితే మెడ వైపే ప్లస్. ఒక్కదాన్ని చూసి నమ్మకూడదని పెట్టెలోని పాత బ్యాటరీలన్నీ బల్ల మీద కుమ్మరించాను. సలోమి కళ్లు మూసుకుని మెడ ఏ వైపో చెప్పడం, నేను మీటరు పెట్టి చూడడం. బొట్టు ఉన్నవీ, లేనివీ, అన్నిటికీ మెడ ప్లస్ వైపే ఉంది. మళ్లీ ఫోను చేస్తే సూపర్‌వైజరు గారు కారణం చెప్పారు. బ్యాటరీ అంటే ఇనుప గిన్నె, ఆ గిన్నే మైనస్. సరుకంతా నింపాక పైన పెట్టే మూత ప్లస్. మూత కూర్చోవడానికి గిన్నె అంచు కింద నొక్కుతారు, ఆ నొక్కే మెడ. ఈ రకం బ్యాటరీకి అది లేకుండా మూత నిలవదట.

సలోమి చేతనే తీగలు పెట్టించి, తీయించి, పంపాను. మరునాడు కోత ముగించుకుని, ఒంటినిండా మల్లెల వాసనతో వచ్చి చెప్పింది. సాళ్లు పోలేదు. పక్క సాలు ఆమె బ్యాటరీ కూడా రాత్రి తనే నింపిందట.

ఈ పనిలో నాకు తెలిసింది ఇది. పైన పెట్టిన గుర్తు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. వస్తువును తయారుచేసిన తీరులోంచి వచ్చిన ఆనవాలు ఎక్కడికీ పోదు. నేర్పితే దాన్నే నేర్పాలి. ఆ తర్వాత నేను షెడ్డులో ఉన్నంతకాలం బొట్టు సూత్రం చెప్పలేదు. కొత్తగా చేరినవాళ్లను కళ్లు మూసుకోమని బ్యాటరీ చేతిలో పెట్టేదాన్ని. మెడ ఎటుందో వేలితో చెప్పాకే తీగలు ఇచ్చేదాన్ని.