బ్రేకు రోజున పడ్డ ఫైనల్

అన్నపూర్ణేశ్వరికి కోపం ఎక్కువని కాలేజీలో అందరూ అంటారు. నిజమే, ఎక్కువే. ఆ కోపమే లేకపోతే దేశ రాజధానిలో వసంత్ కుంజ్ దగ్గరి ఆ ఆడపిల్లల కాలేజీలో బాస్కెట్‌బాల్ టీమన్నదే ఉండేది కాదు.

ఎనిమిదేళ్ల కిందట ఆవిడ కోచ్‌గా చేరిన రోజున కోర్టు నిండా లెక్చరర్ల కార్లే. టీములో ఆరుగురు. అందులో ఇద్దరు హాజరు కలుస్తుందని పేరిచ్చినవాళ్లు. ఆవిడ అదే ఊళ్లో ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్లలో మగపిల్లలతో మోచేతులు తగిలించుకుంటూ ఆడి పెరిగిన మనిషి. మర్నాడు తెల్లారేసరికి వచ్చి, కోర్టు దారికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. కార్లు వెనక్కి మళ్లాయి. పొద్దున్నే పిల్లల్ని వదలనన్న హాస్టల్ వార్డెన్‌తో నెల్లాళ్లు పోట్లాడింది. మొదటి రెండేళ్లూ చిత్తుగా ఓడారు. మూడో ఏడు ఓడినా, గెలిచినవాళ్లకు చెమటలు పట్టించారు. ఆ తర్వాత నాలుగేళ్లలో మూడుసార్లు ఇంటర్ కాలేజీ కప్పు తెచ్చారు.

కప్పులు ప్రిన్సిపాల్ గదిలో అద్దాల బీరువా ఎక్కాయి. కోచ్ మాత్రం ఇంకా కాంట్రాక్టు మీదే ఉంది. ఏటా ఫిబ్రవరి ఆరున ఆవిడను ఉద్యోగంలోంచి తీసేస్తారు, ఏడున మళ్లీ పెట్టుకుంటారు. మధ్యలో ఒక్కరోజు బ్రేకు పడితే పర్మనెంటు చెయ్యమని అడిగే వీలుండదని ఆఫీసు తెలివి. ఆ రోజు పని చెయ్యలేదని సంతకం పెడితేనే కొత్త కాంట్రాక్టు. పళ్లు కొరుక్కుంటూ ఏడేళ్లూ పెట్టింది.

ఈ ఏడు ఫైనల్ సరిగ్గా ఆరునే పడింది.

ఆఫీసు సూపరింటెండెంటు భరద్వాజ్ పిలిపించాడు. విజయవాడవాడు. పని పడ్డప్పుడల్లా ఆయనకు తెలుగు గుర్తొస్తుంది.

"మనం తెలుగువాళ్లం కాబట్టి చెప్తున్నా మేడమ్‌గారూ. ఆ రోజు మీరు బెంచీ మీద కూర్చోమాకండి. స్కోరుషీటు మీద మీ సంతకం పడిందంటే రికార్డైపోద్ది. ఇంకెవరినైనా పంపిస్తాంలెండి."

"ఆ రోజు నేను మీ ఉద్యోగినేనా?"

"కాదు కదండీ."

"మరి నేనెక్కడ కూర్చోవాలో చెప్పడానికి మీరెవరండీ?"

కెప్టెన్ ప్రవల్లిక, కరీంనగర్ పిల్ల, చేతులు పట్టుకుని బతిమాలింది. "మీ నౌకరి పోతది మేడమ్. మేం ఎట్లనో ఆడుతం. మీరు పైన జనంల కూసోండ్రి."

భయం వెయ్యలేదంటే అబద్ధం. నలభై నాలుగేళ్ల వయసులో ఇంకో కాలేజీలో ఉద్యోగం ఎవరిస్తారు? కానీ ఐదు నెలలు ఈ పిల్లల్ని ఉరుకులు పెట్టించి, ఆఖరి రోజున అక్కడ లేనట్టు నటించమంటే ఒళ్లు మండిపోయింది.

ఆరో తారీఖున వెళ్లి బెంచీ మీద కూర్చుంది. స్కోరుషీటు మీద పేరు ఒక్క అక్షరం కూడా కుదించకుండా పూర్తిగా రాసింది. గొంతు బొంగురుపోయేదాకా అరిచింది. నాలుగు పాయింట్ల తేడాతో గెలిచారు.

ఏడున భరద్వాజ్ మామూలు కాగితం ముందు పెట్టాడు. ఆవిడ పని చెయ్యలేదన్న ముక్క కొట్టేసి, "చేశాను, గెలిచాం కూడా" అని రాసి సంతకం పెట్టి ఇచ్చింది.

ఎనిమిదిన గేటు దగ్గర గార్డు తల దించుకుని, "లోపలికి వదలొద్దన్నారు, దీదీ" అన్నాడు. అతనితో పోట్లాడి లాభం లేదు. వెనక్కి తిరిగింది. అది చూసి, లోపల వేచి ఉన్న పన్నెండుమందీ బంతుల సంచులు భుజాన వేసుకుని గేటు దాటి వచ్చేశారు. ఆవిడకు ఏడుపొచ్చింది. అందరి ముందే ఏడ్చింది.

ఆ రోజు నుంచి ప్రాక్టీసు ఆర్.కె. పురంలో ఒక పార్కులో. రింగుకు వల కూడా లేదు. తొమ్మిదో రోజున భరద్వాజ్ ఫోన్ చేశాడు.

"మేడమ్‌గారూ, కాలేజీకి గ్రేడిచ్చే ఇన్‌స్పెక్షన్ కమిటీ వచ్చిందండీ. గెలిచిన టీమును చూస్తామంటున్నారు. ఇక్కడ కోర్టులో ఒక్కరూ లేరు. టీమెక్కడుందండీ?"

"నా దగ్గరుంది."

"కాస్త పంపిద్దురూ..."

"మీరే రండి. వచ్చేటప్పుడు మధ్యలో బ్రేకు లేని కాంట్రాక్టు పట్టుకుని రండి, ప్రిన్సిపాల్ సంతకంతో."

"అబ్బే, అట్లాంటివి కుదరవండీ."

"అయితే టీమూ కుదరదు" అని ఫోన్ పెట్టేసి, అన్నపూర్ణేశ్వరి విజిల్ ఊదింది.