చిల్లు లేని మూత

మొన్న ఆదివారం మా వదిన కొత్త అల్లుడు మా ఇంటికి టీకి వచ్చాడు. మంచి కుర్రాడే. నేను టీ పోస్తుంటే నా చేతిలోని మట్టి టీపాట్ కేసి చూసి, "మా అత్తయ్యగారు కూడా ఇలాంటివి బ్రహ్మాండంగా చేసేవారటగా, మణికట్టు నొప్పి వచ్చి మానేశారట" అన్నాడు. ఆ టీ అతని ఒళ్ళో పడకపోవడం అతని అదృష్టం. మావారు గబగబా బిస్కెట్ల పళ్ళెం ముందుకు జరిపి మాట మార్చేశారు. ఆయనకి తెలుసు, నాకు ఎక్కడ మండుతుందో.

మావారికి కలకత్తా బదిలీ అయినప్పుడు విజయనగరంలో నా స్కూలు ఉద్యోగం వదులుకుని వచ్చాను. ఇక్కడ నాకంటూ ఓ పేరు లేకుండా పోయింది. బ్యాంకు వాళ్ళకి ఫలానా ఆఫీసరు గారి భార్యని, అపార్టుమెంటు వాళ్ళకి కింద ఫ్లాటావిడ మరదలిని. ఆ కింద ఫ్లాటావిడే మా వదిన, మావారి అక్కగారు. పెళ్ళయినప్పటి నుంచీ ఈ ఊళ్ళోనే ఉంది. బెంగాలీ గడగడా మాట్లాడుతుంది, జన్మలో చేప ముట్టకపోయినా ఇలిష్ చేప మంచిచెడ్డల మీద తీర్పులు చెబుతుంది. నేను గరియాహాట్ వెనక ఓ గారేజీలో ఒక బెంగాలీ దీదీ దగ్గర మట్టిపని నేర్చుకోవడానికి చేరితే, "ఏటే అమ్మాయ్, మట్టి పిసుక్కోడానికా మావాడు నిన్నింత దూరం తెచ్చింది?" అని మెట్ల మీద అందరూ వినేలా అడిగింది.

పిసికాను. టీపాట్ చెయ్యడమంటే కప్పు చేసినంత తేలిక కాదు. పొట్ట, మూత, టీ పోసే కొమ్ము దేనికది చక్రం మీద విడిగా లాగాలి. అవి మరీ ఆరిపోకుండా, మరీ మెత్తగానూ లేకుండా, గోరు గుచ్చితే గుర్తు పడేంత గట్టిపడ్డాక గీతలు గీసి, పల్చటి మట్టి పూసి అతికించాలి. కొమ్ము చివర కుండ అంచుకన్నా కిందికి ఉంటే, నిండా పోసేలోపే టీ అందులోంచి కారిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం మూతకి సూదంత చిల్లు. దాంట్లోంచి గాలి లోపలికి వెళ్తేనే టీ ధారగా బయటికొస్తుంది. రంగు పూసేటప్పుడు ఆ చిల్లు పూడుకుపోతుందని దీదీ మా వెనకే తిరిగి పుల్లతో పొడిపించేది. ఎన్నో పగలగొట్టుకున్నాక, నీలం రంగుది ఒకటి బట్టీలోంచి నిక్షేపంగా బయటికొచ్చింది. దాన్ని బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చిన సాయంత్రం నేను మళ్ళీ మనిషినయ్యాను.

ఆ మొదటిదాన్ని తీసుకెళ్ళి వదినకే ఇచ్చాను. తరవాతి వారం ఆవిడింటికి ఎవరో వస్తే, వాళ్ళ కోసం ఆవిడ వంటింట్లో నేను బజ్జీలు వేయిస్తుంటే హాల్లోంచి ఆవిడ గొంతు వినబడింది, వాళ్ళు టీపాట్‌ని మెచ్చుకుంటుంటే, "ఆమీ నిజే కోరేఛి" అని. నేనే చేశాను, అని అర్థం. చిల్లుల గరిటె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను, బజ్జీలు మాడాయి. వాళ్ళు వెళ్ళాక అడిగితే, "ఏటయిందే ఇప్పుడు? నువ్వు చేస్తే ఒకటీ నేను చేస్తే ఒకటీనా? ఇంటి పరువేగా" అంది. సర్దుకుపొమ్మన్నారు మావారు. సర్దుకుపోతుంటే ఆవిడ అడుగుతూనే ఉంది, నేను చేస్తూనే ఉన్నాను. మా బిల్డింగులో సగం ఇళ్ళకి నా టీపాట్లు ఆవిడ కానుకలుగా వెళ్ళాయి. నాలో మాత్రం కోపం బట్టీలో ఇటుకలా కాలి గట్టిపడింది.

చలికాలం మేళా వచ్చింది. అపార్టుమెంటు కమిటీ పెద్దావిడ, అందరూ మాషిమా అని పిలిచే ఆవిడ, వదిన చేతిపనికి ప్రత్యేకంగా ఒక బల్ల కేటాయించింది. "పెద్దదొకటి, బాగా అందంగా చేసిపెట్టవే, మాషిమాయే మొదటి కప్పు పోస్తారట" అంది వదిన. చేశాను. నా చేత్తో అంతకన్నా అందమైనది ఇప్పటికీ రాలేదు. మూత బిగుతుగా కూర్చునేలా రాపిడిపొడి వేసి ఓ మధ్యాహ్నమంతా నూరాను. చిల్లు మాత్రం పెట్టలేదు. దీదీ చూసి మర్చిపోయావంది. మర్చిపోలేదు దీదీ అన్నాను.

మేళాలో మాషిమా టీపాట్ వంచింది. గుక్కెడు టీ వచ్చి ఆగింది. ఇంకా వంచితే బుడుంగుమని ఎగిరి ఆవిడ తెల్లచీర మీద పడింది. మాషిమా మూత తీసి అటూ ఇటూ తిప్పి, "ఫుటో కోయ్?" అంది, చిల్లేదీ అని. మా వదిన ఏమాత్రం తడుముకోకుండా నవ్వింది. "కావాలనే పెట్టలేదు మాషిమా, చిల్లుంటే వేడంతా పోదూ? మొదట్లో చేసినవాటికి పొరపాటున పడిపోయింది" అని బెంగాలీలో పాఠం చెప్పింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆ చిల్లున్నవాటితో రోజూ టీ తాగుతున్నవాళ్ళే. మాషిమా మెల్లిగా, "ఇన్ని చేసిన చేతికి ఆ చిల్లు ఎందుకో తెలీదా?" అంది. అప్పుడు వదిన నా కేసి చూసింది. ఆ చూపు కోసమే నేను ఆ మధ్యాహ్నమంతా నూరింది. "చెప్పవే" అంది తెలుగులో, గొంతు తగ్గించి. "నాకేం తెలుసు వదినగారూ, చేసింది మీరు కదా" అన్నాను.

ఆవిడ ఏ బజార్లోనో కొనుక్కొచ్చి తన పేరు పెట్టుకుంటోందని బిల్డింగంతా తేల్చేసింది. అంటే నావి కూడా బజారు సరుకైపోయాయన్నమాట. నేనే చేశానని ఆ రోజు ఒక్క మాట అంటే పేరు దక్కేది. కానీ మా మరదలిదైతే నాది కాదా, ఇంటి పనేగా అని వదిన గట్టెక్కేది. నాకు రెండోది ఇష్టం లేకపోయింది. ఇప్పటికీ నాకు విచారం లేదు, ఆవిడ మొహం ఆ నిమిషంలో ఎలా పాలిపోయిందో తలుచుకుంటే చాలు, ఆ పూట అన్నం రుచిగా ఉంటుంది. అయితే మాషిమా ఇప్పుడు లేదు, బల్ల చుట్టూ నిలబడ్డవాళ్ళలో చాలామందికి బదిలీలయ్యాయి. వదినకి మాత్రం రోజుకో కొత్త చుట్టం, కొత్త శ్రోత. కాలమే అన్నీ మరిపిస్తుందిలే అని ఓదారుస్తుంటారు మావారు. నిజమే, అందరి చేతా మరిపిస్తోంది, ఒక్క మాటైనా నన్నడక్కుండా.